సాంకేతిక కారణం

కెరెకెష్ బోర్బాల గొంతు
మార్చి నెల ఒక మంగళవారం సాయంత్రం పోయింది.
దొంగలు పడ్డట్టు కాదు,
అద్దెకున్నవాళ్ళు చెప్పకుండా ఖాళీ చేసినట్టు.

సోల్నోక్ స్టేషన్‌లో ఇరవై రెండేళ్ళు
ఆ గొంతు విని జనం పరిగెత్తారు,
ఆ గొంతు విని ఆగారు.
ముఖం తెలిసినవాళ్ళు మాత్రం
టికెట్ల కిటికీలో ఇద్దరు, కాఫీ బండి దగ్గర ఒకడు.

డాక్టరు సన్నటి గొట్టం దించి చూశాడు.
స్వరతంత్రులు రెండూ తెల్లగా,
ఇప్పుడే ఉతికిన రిబ్బన్లలా ఉన్నాయట.
"ఏమీ లేదు" అన్నాడు. మంచి మాటే.
ఆమె ఆ మాటని చీటీ మీద రాసుకుని
నా దగ్గరికి పట్టుకొచ్చింది.
కింద ఇంకో వాక్యం:
ఏమీ లేకపోతే, మరి ఇదేమిటి?

పోయిన గొంతుల్ని వెతకడం నా ఉద్యోగం.
ఆసుపత్రి మూడో అంతస్తు, టిసా నది కనిపించే గది,
ఒక అద్దం, గ్లాసుడు నీళ్ళు.
"దగ్గండి" అన్నాను.
దగ్గింది.
కంచు మోగినట్టు, కిటికీ అద్దాలు అదిరేలా.
ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.
ఉంది. దగ్గులో దాక్కుని ఉంది.

సంతోషిస్తుందనుకున్నాను. చీటీ తీసింది.
అయితే నేను నటిస్తున్నానా?

ఈ ప్రశ్న దగ్గర నాకు ఎప్పుడూ భయం.
లేదు లేదు అన్నవాళ్ళందరూ
ఆమె గుమ్మం దాటాక ఏమనుకున్నారో
ఆమెకి తెలుసు.
"సిగ్గేస్తే ముఖం ఎర్రబడుతుంది కదా," అన్నాను,
"ఆ ఎరుపు మీరు పూసుకున్నదా?"

కడుపులో దాచుకున్నామంటాం.
గుండె రాయి చేసుకున్నామంటాం.
నోరు పెగల్లేదంటాం.
ఏదో మాట వరసకి అంటాం.
ఒళ్ళు మాత్రం మాట వరసకి వినదు.

ఆరో వారం, ముక్కలు ముక్కలుగా రాసింది:
రైలు కింద ఎవరైనా పడితే
మైకులో ఆ సంగతి అనకూడదు.
సాంకేతిక కారణం వల్ల, అనాలి.
నలభై నిమిషాలు ఆలస్యం. మీ ఓర్పుకు కృతజ్ఞతలు.
మొత్తం తొమ్మిదిసార్లు చెప్పింది.
తొమ్మిదోసారి కిటికీ తెరిచి ఉంది.
మూడో ప్లాట్‌ఫారం మీద ఒక గుడ్డ సంచి,
పడిపోకుండా స్తంభానికి ఆనించి పెట్టినది.
పైకి ఉల్లికాడలు కనిపిస్తున్నాయి.
రాత్రి వంటకి కొన్న ఉల్లికాడలు.
వాటిని చూస్తూనే చెప్పింది. తడబడలేదు.
ఇంటికెళ్ళి కుక్కని పిలవబోతే
గాలి తప్ప ఏమీ రాలేదు.

నేను చేసింది తక్కువ.
నీళ్ళు పుక్కిలించమన్నాను, ఊఁ అని మూలగమన్నాను,
మనసు డాక్టరు పేరు ఒకటి రాసిచ్చాను.
జూన్‌లో ఫోను మోగింది.
"మోర్జా నా చెప్పు కొరికేసింది, తిట్టాను" అంది ఎవరో
బొంగురు గొంతుతో.
ఫోన్‌లో! ఎవరో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.
మర్నాటికి మళ్ళీ పోయింది.
ఇప్పుడు వస్తూ పోతూ ఉంటుంది.
ఆమె ఆ ఉద్యోగానికి వెళ్ళడం మానేసింది,
ఎక్కడికైనా బస్సులోనే వెళ్తుంది.

స్టేషన్‌లో మాత్రం ఆమె పాత గొంతే.
ఎప్పుడో రికార్డు చేసి ఉంచిన మాటల్ని
యంత్రం అతికించి పలుకుతుంది.
నిన్న నేను బుడాపెస్ట్ రైలు కోసం నిలబడి ఉంటే
ఆ గొంతు, శుభ్రంగా, స్పష్టంగా అంది:
సాంకేతిక కారణం వల్ల.

ఏడాదిగా నా మెడ ఎడమవైపు పట్టేస్తోంది.
స్కాన్ తీయించుకున్నాను.
ఏమీ లేదు.

ప్లాట్‌ఫారం మీద సంచుల్ని లెక్కపెట్టాను.
ప్రతిదాని పక్కనా ఒక మనిషి.
ఒక్క దాని పక్కన ఎవరూ లేరు.
రెండు కాఫీలు పట్టుకుని
ఒక కుర్రాడు తిరిగొచ్చేదాకా
నా మెడ అటు నుంచి ఇటు తిరగలేదు.